తెరమీద ఎండిన అడవి

నూరేళ్ల అడవి పదకొండు నిమిషాలలో చచ్చిపోయింది. చంపినవారెవరో తెలియదు. చంపిందన్న నింద పడిన పిల్ల మాత్రం మేడమెట్ల మీద కూర్చొని, విజయదశమి నాటి కొత్త చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

డిటెక్టివ్ పరంధామయ్య ఆటో దిగుతూనే ఆ దృశ్యం చూశాడు. చెన్నపట్నం వాషర్‌మెన్‌పేటలో మిరపకాయల మండీ నడిపిన వంశంలో పుట్టి, వ్యాపారం తమ్ముళ్లకు వదిలి, పరుల చిక్కులు విప్పడమే వృత్తిగా పెట్టుకున్నవాడాయన. నుదుట తిరుమణి, భుజాన ఉత్తరీయం. ఉదయపు పారాయణం ముగించి ప్రసాదం నోట వేసుకోబోతుండగా ఫోను వచ్చింది. అందువలన ఆ ప్రసాదపు పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమ్మా జననీ, బొమ్మలన్నీ ఇంట్లో కొలువు తీరితే నువ్వు మెట్లమీద కొలువు తీరినావా?" అన్నాడు.

జనని ఆయన వీథిలో పెరిగిన పిల్ల. తొండియార్‌పేటలోని ఈ వృక్ష పరిశోధన సంస్థలో ఉద్యోగం చేస్తోంది.

"తాతా, సత్యమా నేనేమీ చెయ్యలేదు. పొద్దున రన్ బటన్ నొక్కినాను, అంతే దా. కాడంతా పోయింది."

"బటన్ నొక్కితే అడవులు పోయే పనైతే గొడ్డళ్లు అమ్మేవాళ్లు ఎప్పుడో అంగళ్లు కట్టేసి ఉంటారు. లే తల్లీ. ముందు ఈ చక్కెరపొంగలి తిను. ఏడుపు, పొంగలి ఒకే నోట్లో పట్టవు."

పైన తన గదిలో సంస్థ డైరెక్టర్ ఆదికేశవులు పచార్లు చేస్తున్నాడు. పరంధామయ్యకు బాల్యమిత్రుడు. స్నేహితుణ్ని చూడగానే కుర్చీలో కూలబడ్డాడు.

"పరంధామా, వచ్చినావా! నల్లమ్మ కాడు తెలుసు గదా, ఊరికి ఉత్తరంగా, సముద్రం పక్కన? ఆడ కంటైనర్ల యార్డు కడతామని ఒక కంపెనీ అడుగుతా ఉండాది. రేపు పొద్దున కమిటీ కూర్చుంటాది. కాడు ఇంకో నూరేండ్లు బతికేదైతే ఉంచుతారు. ఎట్లయినా చచ్చేదే అయితే ఇచ్చేస్తారు. బతుకుతాదా, చస్తాదా అని చెప్పాల్సింది ఈడ మా మోడల్. పోయిన నెలంతా బతికింది. ఈ పొద్దు మంచి రోజని, మా సంస్థ ట్రస్టు వాళ్లను కూర్చోబెట్టి నడిపిస్తే వాళ్ల కండ్లెదురుగానే చచ్చింది."

"మోడల్ అంటే?"

"కంప్యూటర్లో పెంచే అడవి. వాన, ఎండ, మన్ను మేము లెక్కలుగా పోస్తాము. చెట్లు వాటంతట అవి మొలుస్తాయి, పెరుగుతాయి, పడిపోతాయి."

"పాల, వీర, అల్లి అని చెట్ల పేర్లు రాస్తారా?"

జవాబు జనని చెప్పింది. పొంగలి ప్రభావమో, పని మీది ప్రేమో గాని ఆమె గొంతు తేరుకుంది. "పేర్లు లేవు తాతా. చెట్టు ఏం చేస్తుందో అది రాయాలి. ఆకు ఎంతకాలం ఉంచుకుంటుంది, వేరు ఎంత లోతు పోతుంది, విత్తనం ఎప్పుడు మొలుస్తుంది... ఒకే తీరుగా నడుచుకునే చెట్లన్నీ కలిపి ఒక ఫంక్షనల్ టైప్."

పరంధామయ్య కన్నులు వెలిగాయి. "అంటే పేరును బట్టి కాక, గుణాన్నీ కర్మనూ బట్టి విభాగం! మన పెద్దలు వింటే సంతోషిస్తారు. మరి చిక్కేమిటి?"

"ప్రపంచానికంతా కొన్ని టైప్‌లు రెడీమేడ్‌గా వస్తాయి. అందులో ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టుకు కుండపోత వానలు కావాలి. ఎండు నేల చెట్టయితే వేసవిలో ఆకు రాల్చాలి. మన కాడు రెండూ కాదు. వాన తక్కువ, అయినా ఆకు రాల్చదు. అందుకని మూడేండ్లు చెట్టు చెట్టుకూ తిరిగి కొలిచి, దానికే సరిపోయే టైప్ నేను తయారుచేసినాను."

"రెడీమేడ్ చొక్కా పట్టలేదు, కొలతలు తీసి కుట్టించావు."

"ఆ కొలతలే దొంగవంటున్నారు తాతా. పోయిన నెల కాడు బతకడానికి నేనే నెంబర్లు మార్చినానంట, ఈ పొద్దు భయపడి తిరిగి సరిచేసినానంట. సాయంత్రంలోపల రాజీనామా మీద సంతకం పెట్టాలంట. నేను పెడితే కాడు గూడా పోయినట్టే."

"అంటున్నవాడెవడు?"

"అంటున్నది నేనేనండీ," అంటూ నరేన్ లోపలికి వచ్చాడు. సూటు, బూటు, చెరగని చిరునవ్వు. హైదరాబాదులో డిజిటల్ దర్యాప్తులు చేసి, ఆగస్టులో చెన్నపట్నానికి మకాం మార్చిన యువకుడు. పోయిన నెలలో సౌకార్‌పేట వెండి పట్టీల కేసులో పరంధామయ్య చేతిలో పరాభవం పొందాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"నమస్కారం పెద్దాయనా. మిరపకాయల వాసన మెట్ల దగ్గరే తగిలింది. మీరే అనుకున్నాను."

"తుమ్ము రాలేదు గదా నాయనా? ఘాటు ఇంకా మొదలుకాలేదు. ఇంతకూ మిమ్మల్ని పిలిచినదెవరు?"

"ట్రస్టులో ఒకరు. అంతకన్న వివరం మీకు అనవసరం. నా పని అయిపోయింది, మీరు టిఫిన్ చేసి వెళ్లవచ్చు." నరేన్ తన ఫోను ముందుకు చాచాడు. మీగడ రంగు కవరు. దాని అంచున పసుపుపచ్చని మరక. హోటల్ సాంబారు కాబోలునని పరంధామయ్య అనుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆరూ పదికి జనని లాగిన్‌తో ఫైలు మారింది. ఇదిగో రికార్డు."

ఆదికేశవులు లేచి నిలబడ్డాడు. "ఆరూ పదికి మేమందరం గేటు కాడ ఆయుధపూజ గుమ్మడికాయ కొడతా ఉన్నాము గదప్పా! కర్పూరం పళ్లెం పట్టుకోనుండింది ఈ పిల్లే!"

"అదే తెలివి సార్. టైమ్ పెట్టి చిన్న ప్రోగ్రామ్ ఒకటి వదిలితే అదే ఫైలు మార్చేస్తుంది. మనిషి పదిమంది ఎదుట, పని గదిలో."

"ఆ ఫైలులో ఏం మారిందో చూశారా?" పరంధామయ్య నిదానంగా అడిగాడు.

"చెట్ల పురాణం నాకెందుకు? ఫైలు తెరవనే లేదు. ఆ గదిలో అడుగు కూడా పెట్టలేదు. రికార్డు నెట్‌వర్క్‌లో తీసుకున్నాను, గదికి తాళం వేయించాను. అసలు ఈ బిల్డింగ్ చూడడమే ఇవాళ మొదటిసారి."

"మంచిది. నాలుగు మాటలు చెప్పారు. నాలుగూ గుర్తుంచుకుంటాను. తాళంచెవి ఇస్తారా?"

నరేన్ నవ్వి ఇచ్చాడు. ముసలివాడికి కంప్యూటర్ గదిలో ఏం దొరుకుతుందిలే అన్న ధీమా ఆ నవ్వులో ఉంది.

గదిలోకి పరంధామయ్య, జనని మాత్రమే వెళ్లారు. బల్లమీద తెర, దానికి వాడుముఖం పట్టిన బంతిపూల దండ, ముందు పళ్లెంలో బొరుగులు, బెల్లం. తెర వెలుగుతూనే ఉంది.

"నిన్నటినుంచీ ఆపలేదా?"

"డైరెక్టర్ సారే వద్దన్నారు తాతా. అమ్మవారు వచ్చి చూస్తే నల్ల తెర చూపిస్తామా అని. నా లాగిన్ అట్లే ఉండిపోయింది."

"మా ఆదికేశవులు భక్తికి దొంగ కూడా రుణపడ్డాడన్నమాట." ఇంతలో జనని కీబోర్డు మీదికి చెయ్యి చాచింది. "చెయ్యి వెనక్కి తల్లీ! పొద్దున దీన్ని తాకావా?"

"లేదు. పూజలో పెట్టినదాన్ని మరునాటి పునఃపూజ కాకుండా ఎట్లా తాకుతాను? మౌస్ పూజలో పెట్టలేదు, పొద్దున దాంతో దా రన్ నొక్కినాను. అడవి చచ్చిన గలాటాలో పునఃపూజ సంగతే మరిచిపోయినారు."

పరంధామయ్య కళ్లజోడు తుడిచి పెట్టుకొని వంగాడు. కీబోర్డు మీద ఒక్కొక్క మీటకూ గంధం, పసుపు కలిపిన చిన్న చుక్క, దానిమీద కుంకుమ. పేరంటానికి వచ్చి వరుసలు తీరిన ముత్తయిదువల వలె మీటలన్నీ కళకళలాడుతున్నాయి.

"ఇన్నిటికీ నువ్వే పెట్టావా?"

"అవును తాతా. స్పేస్ బార్‌కు మూడు బొట్లెందుకని మా ఆఫీసు రాహుల్ ఎగతాళి చేసినాడు. అది పొడుగు గదా!"

ఆయన నవ్వలేదు. చూపుడువేలు తాకీ తాకకుండా మీటల వరుస వెంబడి నడిచింది. నలుగురు పేరంటాండ్ర నడుమ ఒకరి బొట్టు చెదిరితే ఆడవారికి ఎంత త్వరగా తెలుస్తుందో, ఆయనకూ అంత త్వరగానే తెలిసింది. ఆరు అంకె మీద చుక్క నలిగింది. తొమ్మిది మీద నలిగింది. చెరిపే మీట మీద పూర్తిగా పోయింది. భద్రపరచడానికి నొక్కే రెండు మీటలమీదా కుంకుమ పక్కకు పూసుకుపోయింది. మిగిలినవన్నీ చెక్కు చెదరలేదు.

"ఇప్పుడు మౌస్‌తోనే నీ ఫైలు తెరిచి, మెల్లగా చదువు."

జనని చదివింది. ఆకు ఆయుర్దాయం సరిగా ఉంది. ఆకు మందం సరిగా ఉంది. వేరు లోతు సరిగా ఉంది. తరువాతి పంక్తి దగ్గర ఆమె తెరకు ఇంకా దగ్గరగా వంగింది.

"అయ్యయ్యో తాతా! మొలక కాలం... పదో నెల నుంచి పన్నెండో నెల వరకూ ఉండాలి. ఈడ ఆరు నుంచి తొమ్మిది అని ఉంది!"

"దానివల్ల?"

"మన కాట్లో విత్తనం దీపావళి నాటి ఐప్పసి, కార్తీక వానలకే మొలవాలి. జూన్‌లో రెండు జల్లులు పడి మోసం చేస్తాయి. వాటికి మొలిస్తే ఎండకు మాడిపోతుంది. పెద్ద చెట్లు ముసలివై పడిపోతాయి, వాటి చోటికి పిల్లచెట్టు రాదు. కడాకు మిగిలేది గడ్డి."

పరంధామయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు. పద్యం నిండా లక్షణం చక్కగా ఉండి ఒక్క పాదంలో యతి తప్పితే ఎట్లా ఉంటుందో ఆ ఫైలు అట్లా ఉంది. ఆ పాదం కవి రాసినది కాదని వేరే చెప్పాలా? "ఈ పంక్తి సంగతి నీకూ నాకూ మాత్రమే తెలియాలి. నేను చెప్పేవరకు మౌనవ్రతం. రాహుల్‌ను పిలువు."

రాహుల్ కరీంనగర్ నుంచి వచ్చిన సహోద్యోగి. ఫైలులో ఏ పంక్తి ఎక్కడున్నదో జనని తరువాత ఎరిగినవాడు అతడొక్కడే. అనుమానం తనమీదికే వస్తుందని తెలిసి బిక్కమొగంతో వచ్చాడు.

"నాయనా, గొడుగు ఎప్పుడు కొన్నావు?"

"గొడుగా సార్?" రాహుల్ తెల్లబోయాడు. "ఈడికొచ్చిన మొదటేడు మా ఊరి అలవాటుకొద్ది జూన్ల కొన్న. ఎండకు పట్టుకొని తిరిగిన. దీపావళి దాటినంక అసలు వాన పడ్డది చూడుండ్రి, గొడుగు కాదు సార్, పడవ కొనాలె. మా రూమ్‌ల చెప్పులు తేలి పక్కింటికి పోయినయ్."

"దొరికాయా?"

"ఒకటి దొరికింది సార్."

"నిన్న గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఎక్కడున్నావు?"

"వీడియో తీసింది నేనే. డైరెక్టర్ సార్ కొట్టిన కాయ పగలక ఎగిరి వాచ్‌మన్ కాళ్లమీద పడ్డది. అది మొత్తం ఉంది, చూస్తరా?"

పరంధామయ్య చూశాడు. రెండుసార్లు చూసి మనసారా నవ్వాడు. సంస్థలోని వారందరూ ఆ వీడియోలో ఉన్నారు. మేడమెట్ల వైపు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది, దానివైపు చూసే నాథుడు లేడు.

పది నిమిషాలలో అందరూ డైరెక్టర్ గదిలో చేరారు. బల్లమీద రాజీనామా కాగితం, పక్కనే కలం. నరేన్ కాలుమీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

"తేలిందా పెద్దాయనా? ఏ దేవుడు చెప్పాడు?"

"దేవుడు కాదు, దొంగే చెప్పాడు," అన్నాడు పరంధామయ్య. "ఫైలులో ఒకే ఒక పంక్తి మారింది. ఆ మార్పు చూసి నాకు కోపం రాలేదు నాయనా, జాలి వేసింది. ఈ తొండియార్‌పేటలో పలక పట్టని పిల్లవాణ్ని అడిగినా చెప్పే సంగతి అతగాడికి తెలియదు. మా మండీలో మూటలు మోసేవాళ్లు వింటే పగలబడి నవ్వుతారు. ఇన్నేళ్ల వృత్తిలో ఇంతటి మొద్దును నేను చూడలేదు."

నరేన్ చిరునవ్వు కొంచెం బిగిసింది. "నేరం చేయగలిగినవాణ్ని మొద్దు అనడం మీ సంతృప్తి కోసం."

"కాదు కాదు, నిజంగానే మొద్దు. బడిలో వెనుకబల్ల. గురువులు పాపం ఎంత కష్టపడ్డారో!"

"ఎందుకు మొద్దు?" నరేన్ కాలు కిందికి దిగింది. "మీ ఒక్క ఊరి విడ్డూరం తెలియకపోతే మొద్దా? దేశమంతటా వానాకాలం జూన్‌లోనే మొదలవుతుంది. ఏ పాఠ్యపుస్తకమైనా తీసి చూడండి!"

రాహుల్ నోట్లో వేసుకోబోయిన బొరుగులు చేతిలోనే ఆగిపోయాయి.

"వానాకాలమా నాయనా?" పరంధామయ్య ఎంతో మృదువుగా అన్నాడు. "నేను పంక్తి అన్నాను. అది ఆకు సంగతో, వేరు సంగతో, ఎండ సంగతో చెప్పలేదు. ఫైలు తెరవనే లేదన్న మీకు అందులో వాన ఎక్కడ తడిపింది?"

"ఊ... ఊహించాను."

"అట్లాగే కానివ్వండి. ప్రోగ్రామ్ వదిలితే అదే మార్చిందన్నారు. ప్రోగ్రామ్‌కు వేళ్లుండవు. కాని నిన్న సాయంత్రం ఎవరో ఆ కుర్చీలో కూర్చొని, ఆరు, తొమ్మిది నొక్కి, పూజలో పెట్టిన మీటల బొట్టు నలిపారు. ఈ ఇంట్లో పునఃపూజకు ముందు కీబోర్డు తాకే ధైర్యం ఎవరికీ లేదు. తాకినవాడు హడావిడిలో తన వేళ్లకంటిన పసుపు చూసుకోలేదు. తరువాత చెయ్యి కడుక్కొని ఉంటాడు. ఫోను కవరు కడగడం ఎవరికి తోస్తుంది?"

అందరి చూపులూ నరేన్ చేతిలోని ఫోను మీద వాలాయి.

"ఇది సాంబారు!" అన్నాడు నరేన్.

"ఒకసారి ఇటివ్వండి. సాంబారు గంధం వాసన వేస్తే ఆ హోటల్ పేరు కూడా చెప్పండి, అందరం కలిసి పోదాం."

నరేన్ ఇవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆదికేశవులు కిటికీలోంచి తల బయటపెట్టి, "కన్నియప్పా! గేటు మూసెయ్ రా! ఎవుర్నీ వదలొద్దు!" అని వాచ్‌మన్‌ను కేక వేశాడు. తరువాత రాజీనామా కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, ఆ నాలుగూ నరేన్ ఎదుట పెట్టాడు. జనని ముఖం కడిగిన గాజు వలె తేటపడింది.

"థ్యాంక్స్ తాతా," అంది. మిగిలిన పొంగలి అంతా ఆయన చేతిలో పెట్టింది.

"నాకు మిగల్చకుండా తింటావనే అనుకున్నాను. సరే, ఇప్పుడు నీ కొలతలతో అడవిని బతికించు. చూడాలని ఉంది."

అందరూ వెంట రాగా రాహుల్ తన కంప్యూటర్ ముందు కూర్చొని మొలక కాలం తిరిగి సరిచేశాడు. "మొదలు ఈ రోజు అడవి కనవడ్తది సార్. ఉపగ్రహం నిన్న పగలు తీసిన ఫొటోతోనే మోడల్ షురూ అయితది. తరువాత యేడు యేడుకు ముందుకు పోతది."

తెరమీద నల్లమ్మ కాడు పరుచుకుంది. ముదురాకుపచ్చ, అంచున సముద్రపు నీలి గీత. రాహుల్ రన్ నొక్కబోయాడు.

"ఉండు," అన్నాడు పరంధామయ్య. "ఉత్తరపు మూల ఆ మట్టిరంగు చోటేమిటి?"

జనని వంగి చూసింది. పచ్చదనంలో ఒక చదరం. పీటలాగా నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. ఉదయం అడవంతా ఎండుగడ్డి రంగులోకి తిరిగిన కంగారులో దాన్ని ఎవరూ గమనించలేదు.

"అది... అది మోడల్ చేసింది కాదు తాతా. మోడల్ ఇంకా మొదలే కాలేదు." ఆమె తెరమీద ఆ చదరం అంచు వెంబడి వేలు నడిపింది. "అడవి ఎప్పుడూ ఇట్లా గీత గీసినట్టు ఉండదు. ఆడ నా పెద్ద వీర చెట్లు ఉండాలి. పోయిన వారం కొలిచి వచ్చినాను. నిన్న పగటికే... లేవు."

వెనుక నరేన్ చేతి గడియారం చూసుకొని, ఆనాడు మొదటిసారిగా నిజంగా నవ్వాడు.

"పండుగ సెలవులు కదా పెద్దాయనా. ఆఫీసులన్నీ బంద్, అడిగేవాళ్లు లేరు. మీరు గెలిచారు, ఒప్పుకుంటాను. రేపు కమిటీకి చూపించడానికి మీ తెరమీద అడవి పచ్చగా ఉంటుంది. నేలమీద ఎంత మిగులుతుందో, నేను చెప్పలేను. చెట్లు కొట్టే కంపెనీ యంత్రాలు మధ్యాహ్న భోజనానికి ఆగి ఉంటాయి, అంతే."

జనని చీర కొంగు నడుముకు చుట్టి బిగించింది. ఉదయం మెట్లమీద ఏడ్చిన పిల్ల ఇక అక్కడ లేదు. "రాహుల్, బండి తియ్. సార్, కలెక్టర్ ఆఫీసులో ఎవురికైనా ఫోన్ చెయ్యండి, సెలవైనా సరే, ఇంటికి చెయ్యండి. తాతా, మీరు..."

"నేను రాకపోతే నీ వీర చెట్లను నాకెవరు పరిచయం చేస్తారమ్మా?" పరంధామయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. పొంగలి పొట్లం నడుమున దోపి, కిందికి కేక వేశాడు. "కన్నియప్పా! ఆ గేటు మాకు మాత్రం తెరువు. నిన్నటి గుమ్మడికాయ పగలలేదట గదా, అది కూడా బండిలో వెయ్యి. యంత్రాల ఎదుట కొట్టడానికి పనికొస్తుంది!"